పదమూడు ముక్కలు, తొమ్మిది తులాలు

పేకాట మగవాళ్ళ ఆట అని లోకంలో ఒక వాడుక ఉంది. నేనొప్పుకోను. ముక్కలు పట్టుకునేది వాళ్ళే కావచ్చు గాని, వరండాలో జంపఖానా పరిచింది మొదలు తెల్లవారుజామున దాన్ని దులిపి మడతపెట్టేదాకా మనకు తెలియని ఎత్తు లేదు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూనే ఎవరు ఓడిపోతున్నారో చెప్పగలం. గెలుస్తున్నవాడు "టీ అంటే ఇదమ్మా టీ!" అంటాడు. ఓడిపోతున్నవాడికి అదే గిన్నెలోంచి పోసిన అదే టీలో చక్కెర చాలదు. ఇంకా ఓడిపోతే చక్కెర ఎక్కువైందంటాడు. మరీ మునిగిపోయినవాడు టీ అడగనే అడగడు. అప్పుడు వాళ్ళింటి ఇల్లాలి ముఖం తలుచుకుని మనం నిట్టూర్చాలి.

మా గద్వాలలో పెళ్ళంటే విడిదిలో మంచాలు, మంచినీళ్ళ కూజాలు ఉన్నాయో లేదో గాని, రెండు పేక కట్టలు లేకపోతే ఆడపెళ్ళివారు మాట పడవలసిందే. శివరాత్రినాడు అలంపురం వెళ్ళి జోగులాంబను, బాలబ్రహ్మేశ్వరుణ్ణి చూసొచ్చి, ఆ రాత్రి మా వారి మిత్రబృందం చేసే జాగరణ అంతా ఇస్పేటు రాజుకే. ఆ పుణ్యాన్ని శివుడు ఎవరి ఖాతాలో జమకట్టుకుంటాడో మరి! రూపాయి పాయింటు మీద తెల్లారేదాకా కూర్చుని, నూట పన్నెండు రూపాయలు గెలుచుకొచ్చి, సంస్థానం గెలిచినంత సంబరపడే మనిషిని చూస్తే నాకు కోపం రాదు. పిల్లలు గోళీలాడినట్లే అదీనూ. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట రంగం చదివి నవ్వుకోని వాళ్ళెవరు? అందుకని ముందే చెబుతున్నాను. పేకకట్ట కనబడితే పొయ్యిలో పడేసే మనిషిని కాను నేను.

నేను చెప్పబోయే ఆటలో టీలు లేవు. జంపఖానా లేదు. పక్కన కూర్చున్న మిత్రుడు "ఇక చాలు లేరా, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది" అనడం లేదు.

మా చిన్నప్పుడు నాగర్‌కర్నూలు బస్టాండులో సైకిలుకు మైకు కట్టుకుని లాటరీ టికెట్లమ్మే ఆయన ఒకడుండేవాడు. సిక్కిం, భూటాన్, నాగాలాండ్... ఆ రాజ్యాల పేర్లన్నీ మాకు బడిలో కంటే ఆ సైకిలు దగ్గరే ఎక్కువ వంటబట్టాయి. మా నాయన ఏడాదికొకసారి దసరాకు ఒకే ఒక్క టికెట్టు కొనేవాడు. దేవుడి పటం వెనక పెట్టేవాడు. ఫలితాలు వచ్చేదాకా మా ఇంట్లో అందరం లక్షాధికారులమే. అమ్మ చేలో బావి తవ్వించేది, నేను రేడియో కొనేదాన్ని, చెల్లెలు వనపర్తి రాజాగారి ప్యాలెస్ లాంటి ఇల్లు కట్టించేది. (ఆ ప్యాలెస్‌లో అప్పటికే పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోందని దానికి తెలియదు పాపం. చివరికి ఆ ఊరికే కోడలై వెళ్ళింది.) రూపాయి పెట్టి పది రోజుల ఆశ కొనుక్కోవడం చవక బేరమే.

తరువాత ఒంటి అంకె లాటరీలొచ్చాయి. ఆశకు పది రోజుల గడువు అక్కరలేకపోయింది. పొద్దున కొంటే మధ్యాహ్నానికి తేలిపోతుంది, సాయంత్రం మళ్ళీ కొనవచ్చు. రిక్షావాళ్ళు, హమాలీలు ఆనాటి కూలి ఆనాడే అక్కడ పోసి, ఉత్త చేతులతో ఇళ్ళకు పోయేవారు. 1998లో కేంద్రం లాటరీల చట్టం చేసినప్పుడు ఈ ఒంటి అంకె లాటరీలు కూడదని అందులో రాసింది. విషమెక్కడుందో ఆ రాసినవాళ్ళకు తెలుసుననిపిస్తుంది నాకు. పందెం ఎంత అన్నది తరువాతి మాట. ఓడినవాడు మళ్ళీ కాయడానికి ఎంతసేపు ఆగాలి అన్నదే అసలు లెక్క. పది రోజులు ఆగాలంటే మనిషికి బుద్ధి వస్తుంది, పెళ్ళాం గుర్తొస్తుంది, కనీసం ఆకలన్నా వేస్తుంది. పది సెకన్లే ఆగాలంటే ఏం గుర్తొస్తుంది చెప్పండి!

మట్కా సంగతీ అంతే. మట్కా అంటే మనం నీళ్ళు పోసుకునే కుండ. మొదట్లో బొంబాయిలో వాళ్ళు పందెం కాసింది పత్తి మీద. న్యూయార్కు పత్తి బజారులో పొద్దున ధర ఎంతతో తెరిచారు, సాయంత్రం ఎంతతో మూశారు అని వచ్చే అంకెల మీద కాసేవారు. 1960ల మొదట్లో ఆ అంకెలు రావడం ఆగిపోతే, కుండలో చీటీలు వేసి తీయడం మొదలుపెట్టారు. మా నడిగడ్డ సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఇక్కడ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం మొగ్గలు విప్పి, మర్నాడు పొద్దున పువ్వు పువ్వుకూ వంగి పుప్పొడి అద్దాలి. నడుములు పడిపోయే ఆ పని చేసేది ఎక్కువగా ఆడకూలీలే. అలా వంగి తెచ్చిన కూలి డబ్బులు సాయంత్రానికి మొగుడు అంకెల చీటీలో పెట్టి వచ్చిన ఇళ్ళు నేనెరుగుదును. పత్తి మీద పుట్టిన జూదం పత్తి కూలికే ఎసరు పెట్టిందన్నమాట.

ఇక చట్టం సంగతి. నిజాం కాలంనాటి హైదరాబాదు జూదపు చట్టం ఒకటుండేది. దాని కింద సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద కేసు పెడితే, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి గనుక దానిలో నేర్పు ఉంది అన్నారు. అయితే క్లబ్బువాళ్ళు ఆ ఆట మీద లాభం చేసుకుంటే మాత్రం నేరం కావచ్చునని కూడా అన్నారు. మొదటి సగాన్ని దేశంలో పేకాడేవాళ్ళంతా కంఠస్థం చేశారు. రెండో సగం ఎవరికీ గుర్తులేదు. మా వారిని అడగండి, తేదీతో సహా మొదటి సగం ఒప్పజెబుతారు.

1974లో రాష్ట్రానికి కొత్త చట్టం వచ్చింది. అయినా ఆగిందా? మాకు రెండు హద్దులు. పడమటికి పోతే రాయచూరు, కర్ణాటక. తుంగభద్ర దాటితే కర్నూలు, ఆంధ్ర. ఇక్కడ పోలీసులు గట్టిగా ఉన్నారంటే అటు, అటు గట్టిగా ఉన్నారంటే ఇటు. పుష్కరాలకు కూడా ఇంత భక్తిగా నది దాటరు జనం. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చి, నేర్పు ఉన్నా లేకపోయినా డబ్బు పెట్టి ఆన్‌లైనులో ఆడటమే నేరమంది. రమ్మీ కూడా అందులోకి వచ్చింది. చట్టం మంచిదే. కాని ఆట అప్పటికే జేబులోకి చేరింది. ఫోను ఎక్కడుందో ఫోనుకే అబద్ధం చెప్పించే విద్య ఒకటుందట. మనిషి వనపర్తి రాజనగరం వీధిలో కూర్చుని ఉంటే, వాడి ఫోను మాత్రం కర్ణాటకలో ఉన్నానంటుంది. ఆ విద్య మా మరిదికి దుకాణంలో పనిచేసే పిల్లవాడు నేర్పాడు.

ఇక మా ఇంటి కథకు వచ్చాను. చెల్లెలు చెప్పమనబట్టే చెబుతున్నాను. "రాయక్కా, అందరి ఇళ్ళల్లో దాచిపెట్టే చచ్చిపోతున్నం" అంది.

మా మరిదిది వనపర్తిలో ఎరువులు, విత్తనాల దుకాణం. మంచి మనిషి. ఈ మాట ఊరికే అనడం లేదు. తాగడు, పొగతాగడు, మా నాయన పోయినప్పుడు కొడుకులా నిలబడి అన్నీ చేశాడు. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను ఒక కంపెనీ వాళ్ళు గోవా తీసుకుపోయారు. మాండవి నదిలో నిలబెట్టిన ఓడలున్నాయి కదా, క్యాసినోలు, అక్కడికి ఒక రాత్రి. లోపలికి పోవడానికి కట్టిన డబ్బులోనే తిండీ తాగుడూ ఆటపాటా అన్నీ ఉంటాయట. మరిది వస్తూ రెండు కిలోల జీడిపప్పు తెచ్చాడు. "ఏడు వేలు గెలిచాను వదినా" అన్నాడు నాతో. ఆ జీడిపప్పుతో చెల్లెలు పాయసం చేసి నాకు కూడా పంపింది.

ఆ ఓడల సంగతి తరువాత తెలుసుకున్నాను. తిరిగే చక్రం ఒకటుంటుందట. 36 అంకెలు, ఒక సున్నా, మొత్తం 37 గళ్ళు. ఒక్కొక్క గడిలో రూపాయి చొప్పున 37 రూపాయలూ మీరే కాశారనుకోండి. ఏ గడి గెలిచినా మీ చేతికి తిరిగి వచ్చేది 36. ఆ ఒక్క రూపాయి ఓడవాడిది. వాడు మోసం చేయనక్కరలేదు, మాయ చేయనక్కరలేదు, చక్రం తిరిగితే చాలు. ఫోనులో రమ్మీ ఆడించేవాళ్ళ పద్ధతీ ఇదే. ఎవరు గెలిచినా ప్రతి ఆటలో తమ వంతు తీసుకుంటారు. నెయ్యి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, దానిలోంచి మరో గిన్నెలోకి వంపుతూ ఉంటే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా? ప్రతిసారీ గిన్నెకు అంటుకున్నంత అంటుకుంటుంది. నూటికి పది చొప్పున అంటుకుంటే ఏడోసారికి సగం కూడా మిగలదు. లెక్క వేసి చూసుకోండి. ఇంకో చిత్రం చూడండి. 2020 ఫిబ్రవరి నుంచి ఆ ఓడల్లోకి గోవా ప్రజలను రానివ్వకూడదని గోవా ప్రభుత్వమే కట్టడి చేసింది. తమ పిల్లలకు పెట్టని వంటను పొరుగూరివాళ్ళకు వడ్డించినట్లుంది.

ఆ ఏడే లాక్‌డౌను వచ్చింది. దుకాణానికి అనుమతి ఉన్నది కొద్ది గంటలే. మిగతా పొద్దంతా ఇంట్లో. ఫోనులో రమ్మీ. మొదటి వారంలో నలభై వేలు వచ్చాయట. రాకుండా ఉంటే ఎంత బాగుండేది! మొదటే ఓడినవాడు ఛీ అని లేచిపోతాడు. గెలిచినవాడికి ఆ గెలుపు జీవితాంతం చెవిలో జోరీగలా మోగుతూ ఉంటుంది.

2024 బతుకమ్మకు చెల్లెలు బీరువా తెరిచింది. గద్వాల పట్టుచీర కట్టుకుని, హారం తీసి మెడలో వేసుకుంది. వేసుకున్న మరుక్షణం దానికి తెలిసిపోయింది. హారం అదే, పనితనం అదే, రాళ్ళు అవే. కాని బరువు అది కాదు. ఇరవై అయిదేళ్ళు మోసిన మెడకు తెలియదూ! గిల్టుది. అసలుది, గాజులు, చంద్రహారం, అన్నీ కలిపి తొమ్మిది తులాలు బ్యాంకులో కుదువలో ఉన్నాయి.

అది ఏడవలేదు. బతుకమ్మ పేర్చి, ఆ గిల్టు హారంతోనే చెరువుకట్టకు పోయి, ఆడి, వచ్చి, అప్పుడు పలకా బలపం పట్టుకున్నట్లు నోటు పుస్తకం ముందేసుకుని మొగుణ్ణి కూర్చోబెట్టింది. రాత్రి రెండింటిదాకా లెక్క తేలలేదు. బ్యాంకులో బంగారం మీద అప్పు. మహిళా సంఘంలో పాడిగేదె పేరు చెప్పి దీనిచేత సంతకం పెట్టించి తెచ్చిన లక్ష. పాడిన చిట్టీ. విత్తనాల కోసం రైతులు ముందుగా ఇచ్చిన సొమ్ము. రెండు రూపాయల వడ్డీకి ఒకరి దగ్గర, మూడు రూపాయలకు ఇంకొకరి దగ్గర. ఫోనులోనే అప్పిచ్చి ఫోనులోనే తిట్టే వాళ్ళ దగ్గర మరికొంత. పద్నాలుగు లక్షల పైచిలుకు.

గమనించారా, మగవాడు ఆడిన ఆటకు పూచీలన్నీ ఆడవాళ్ళవే. బంగారం ఆమెది, సంఘంలో సంతకం ఆమెది, చిట్టీ ఆమె పేరుమీద. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఒకటుంది కదా, తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అని. ఆమెను ఓడిపోయిన కబురు చెప్పడానికి ప్రాతికామి అనే మనిషన్నా వచ్చాడు. ఈ కాలంలో ఆ కబురు ఫోనులో టింగుమంటుంది, బ్యాంకువారి మెసేజీగా. అదన్నా భర్త పక్కన లేనప్పుడు మోగితేనే మనకు తెలిసేది.

మరిది ఏమన్నాడో కూడా చెప్పాలి. "ఒక్క మంచి ఆట పడితే అన్నీ విడిపించేసేవాణ్ణి. నీకు తెలియకుండానే సర్దేద్దామనుకున్నాను" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాడు. పోయినదాన్ని పట్టుకురావడానికే ఆడుతున్నానని ఆడేవాడి నమ్మకం. డాక్టర్లు దీన్ని తాగుడు, మత్తుమందుల సరసన చేర్చారు. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ జాబితాలో జూదాన్ని వ్యసనాల కిందికి మార్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కూడా 2022 నుంచి అమల్లో ఉన్న జాబితాలో అలాగే పెట్టారు. చెడ్డబుద్ధి అని తిట్టడం తేలిక, జబ్బు అని జాలిపడటమూ తేలికే. రెండూ కాకుండా ఏం చెయ్యాలన్నదే కష్టం.

నాగర్‌కర్నూలులో మా అమ్మ పేర రెండెకరాలుంది. మరిది అన్నదమ్ములు వచ్చి పెద్దమనుషుల్లాగా కూర్చున్నారు. "మగపుటక అన్నంక తప్పు జేస్తడు. ఒక్క ఎకరం అమ్మి బయట పడేస్తే బుద్ధిగుంటడు. పదిమందిల పెట్టకుండ్రి, దుకాణం పరువు పోతది" అన్నారు. మా వారు కూడా కాస్త మెత్తబడ్డారు. నేను ఒప్పుకోలేదు. ఆడేవాడి చేతిలో అప్పు తీర్చమని డబ్బు పెడితే అది అప్పు తీరేదాకా ఆగదు, దారిలోనే ఇంకో ఆట ఆడి వస్తుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్లు, ఈ గొడవలోనే వాళ్ళలో ఒకాయన "ఆ ఎకరం ఎట్లాగూ అమ్మేదైతే మాకే ఇయ్యుండ్రి" అని కూడా అన్నాడు.

అమ్మ అంతా విన్నది. అప్పటికి ఏమీ మాట్లాడలేదు.

మా అమ్మను గురించి ఒక మాట. డెబ్భై ఎనిమిదేళ్ళు. చదువు లేదు. అల్లుళ్ళ ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి కాదు. పాతికేళ్ళలో మరిదితో నేరుగా మాట్లాడింది నేను చూడలేదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి, "అల్లునికి అన్నం పెట్టవే", "అల్లుడు జరమొచ్చినట్టుండు, అడుగవే" అని చెల్లెలితోనే. అటువంటి మనిషి దీపావళి వెళ్ళిన మర్నాడు రెండు చీరలు సంచిలో పెట్టుకుని, ఆధారు కార్డు చూపించి (2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కదా) వనపర్తిలో దిగింది. ఇంటికి పోలేదు. సరాసరి దుకాణానికి పోయింది. మరిది లేచి నిలబడ్డాడు. ఆయన లేచిన కుర్చీలో, గల్లాపెట్టె ముందు, మా అమ్మ కూర్చుంది.

"నాయినా," అంది. పాతికేళ్ళకు మొదటిసారి. "నువ్వు సరుకియ్యి, మంచిగ మాట్లాడు, ఎప్పటిలెక్క యాపారం జెయ్యి. పైసలు నాకియ్యమను."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. మరిది కూడా ఏమనగలడు? అత్తగారిని లెమ్మంటాడా!

ఆ సాయంత్రమే చెల్లెలు ఇంకో పని చేసింది. దుకాణం గోడమీద ఫోనుతో డబ్బు కట్టే చతురస్రపు బొమ్మ అంటించి ఉంటుంది కదా, స్కానరంటారు. దాన్ని గోటితో గీకి పీకేసి తన ఖాతాది అంటించింది. అప్పటినుంచి నోట్లు అమ్మ కొంగులోకి, ఫోను డబ్బు చెల్లెలి ఖాతాలోకి. ఎకరం అమ్మలేదు. అమ్మ తన పేరుమీద బ్యాంకులో దాచుకున్న కాస్త సొమ్ము తీసి, మరిది చేతికి గాని చెల్లెలి చేతికి గాని ఇవ్వకుండా, తనే బ్యాంకుకు పోయి గాజుల మీది అప్పు కట్టి విడిపించింది. ఫోనులో తిట్టేవాళ్ళను పోలీసు స్టేషనులో చెప్పి వదిలించుకున్నారు. మిగిలిన అప్పులవాళ్ళను ఒక్కొక్కరినే దుకాణానికి పిలిచి, "నెలకింత ఇస్తం. వడ్డీ జర తగ్గించుకో. ఇట్లయింది మా ఇంట్ల" అని అమ్మే చెప్పింది. పదిమందిలో పెట్టకండి అన్న పెద్దమనుషులకు తలకొట్టేసినట్లయిందట. కాని ఊరంతా నవ్వుతుందనుకుంటే, ఆ వారంలోనే ఇద్దరాడవాళ్ళు ఎరువు బస్తా ధర అడిగే నెపంతో వచ్చి, అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని తమ ఇళ్ళల్లో కథలు చెప్పుకుని పోయారు. ఒకామె మొగుడు మగ్గం నేసేవాడు. చీరకు వచ్చిన మజూరీ చీర మడతపెట్టకముందే పోతోందట.

చెప్పగానే అంతా సర్దుకుపోయిందనుకోకండి. 2025 మార్చిలో క్రికెట్టు పోటీలు మొదలయ్యాయి. పెబ్బేరు సంతకు పోయివచ్చిన ఒక రైతు దగ్గర మరిది ఆరువేలు చేబదులు పుచ్చుకున్నాడు. ఆ రైతు నాలుగోనాడు వచ్చి, "అవ్వా, నీకు చెప్పకుంట ఉండలేను" అని గల్లా దగ్గరే చెప్పేశాడు. ఊరందరికీ తెలియడంలో ఉన్న లాభం అప్పుడు తెలిసింది మాకు. మరిది ఆ రాత్రి అన్నం తినలేదు. నన్ను నమ్మకండి అని తనే అన్నాడట చెల్లెలితో. 2022లో కేంద్రం పెట్టిన టెలీమానస్ ఉంది, 14416. డబ్బులు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. చెల్లెలు ఆ నంబరుకు చేసింది. వాళ్ళు చెప్పినమీదట మహబూబ్‌నగరులో ఒక డాక్టరు దగ్గరికి నెలకొకసారి ఇద్దరూ పోయివస్తున్నారు. బస్సులో చెల్లెలికి టికెట్టు అక్కరలేదు. మరిది టికెట్టుకు చెల్లెలిని అడిగి తీసుకోవాలి. ఆ అడగడం మొదట్లో ఆయనకు ప్రాణం మీదికి వచ్చేదట, ఇప్పుడు "టికెట్టుకియ్యి" అని చెయ్యి చాపుతున్నాడు.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైను ఆటలన్నీ, నేర్పువీ అదృష్టానివీ అన్న తేడా లేకుండా, కూడదంది. ఆడించినవాడికి మూడేళ్ళదాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చినవాడికి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఏడాదికి 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా చెప్పింది. ఆ మధ్య సినిమాలవాళ్ళు, క్రికెట్టువాళ్ళు టీవీలో నవ్వుతూ రమ్మని పిలిచిన ఆటలే ఇవి. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. పరదేశాల నుంచి దొంగచాటుగా ఆడించేవాళ్ళ మాట వేరే. ఓడలెక్కేవాళ్ళు, విమానాలెక్కేవాళ్ళు ఎటూ ఉన్నారు. 2023లో థాయిలాండులో పట్టాయా హోటల్లో జూదమాడుతూ తొంభై మందికి పైగా పట్టుబడితే, అందులో చాలామంది మనవైపు వాళ్ళేనని పత్రికల్లో చదివి సిగ్గుపడ్డాం.

టీవీలో ఈ చట్టం వార్త చూసి అమ్మ, "ఐతే ఇంక నేను ఊరికి పోవచ్చునా? చింతచెట్టు కాయలన్ని కోతులు తింటున్నయి" అంది.

చెల్లెలు పోనివ్వలేదు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరకు సంక్రాంతికి నాలుగు రోజులు మాత్రం పంపింది. ఆ నాలుగు రోజులు గల్లా దగ్గర తనే కూర్చుంది. అలవాటులేని పని, మొదటిరోజు ఒక యూరియా బస్తా డబ్బులు తక్కువ తీసుకుందట, మరిదే వెనక నుంచి దిద్దాడు. అమ్మ తిరిగి రాగానే లెక్క అడిగింది. సరిపోయింది.

మొన్న నేను వెళ్ళినప్పుడు చూశాను. చెల్లెలి చేతులకు గాజులున్నాయి. చంద్రహారం కూడా వచ్చింది. పెద్ద హారం ఇంకా బ్యాంకులోనే ఉంది, వడ్డీ కట్టి గడువు పొడిగించుకున్నారు. గిల్టు హారం ఏం చేశావే అని అడిగాను. "బీరువాలోనే ఉందక్కా. అసలుది వచ్చిననాడు ఆయనతోనే పారవేయిస్తా" అని, రైతెవరో పిలిస్తే దుకాణంలోకి వెళ్ళింది.